మెడికల్ టేపులు, స్కిన్ గ్లూ: కింక్ ఆటలో ఒంటికి ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. సిలికాన్ టేప్ మంచిది, ధర ఎక్కువైనా అదే కొనండి. పేపర్ టేప్ పర్వాలేదు, తీసే పద్ధతి తెలిసి ఉంటే. తెల్ల గుడ్డ ప్లాస్టర్ వద్దు. ఇక స్కిన్ గ్లూ, అదే ఆపరేషన్ థియేటర్‌లో కుట్లకు బదులు వాడే జిగురు, అది మాత్రం ఈ పనికి అస్సలు వద్దు, ఎవరు ఎంత గొప్పగా చెప్పినా సరే.

ఏ పనికి అంటే, కింక్ ఆటకి. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరూ 18 దాటినవాళ్లు, ముందే కూర్చుని మాట్లాడుకుని, ఇద్దరికీ ఇష్టమై చేసుకునేది. చేతులు కలిపి టేప్ వేయడం, నోటికి టేప్ వేయడం, ఒంటి మీద ఏదైనా అంటించి కాసేపు అలాగే ఉంచడం, వేళ్లు జిగురుతో కలిపేయడం, ఎవరి ఇష్టం వాళ్లది. దాని మంచిచెడ్డల మీద వాదన పెట్టుకునే ఉద్దేశం నాకు లేదు. పెళ్లయినవాళ్లు చేస్తారు, కానివాళ్లూ చేస్తారు, హైదరాబాద్‌లో చేస్తారు, మిర్యాలగూడలోనూ దేవరకొండలోనూ చేస్తారు. కాకపోతే మన దగ్గర ఏదైనా అనుమానం వస్తే అడగడానికి మనిషి ఉండరు. మెడికల్ షాపులో కూర్చునే అన్న మన చిన్నాన్నకో మేనమామకో తెలిసినవాడే అయి ఉంటాడు, డాక్టరమ్మ మన వదినకి పురుడు పోసినావిడ అయి ఉంటుంది. అందుకే జనం ఫోన్‌లో ఏదో వీడియో చూసి దొరికిందల్లా ఒంటికి అంటించేసుకుంటున్నారు, నాకు భయం వేసేది అక్కడే.

నేను నల్గొండలో సర్జికల్ వార్డులో నర్సుని. టేపులు వేయడం, తీయడం, తీసినప్పుడు తోలు లేచిపోతే దానికి మళ్లీ డ్రెసింగ్ చేయడం, నా ఉద్యోగంలో రోజూ ఉండే పనే. ఇంట్లో నేనూ మా ఆయనా కూడా ఇలాంటి ఆట ఇష్టపడేవాళ్లమే, కాబట్టి ఈ సామాను రెండు వైపుల నుంచీ తెలుసు. కింద రాసినవి ప్రకాశం బజార్ వైపు మెడికల్ షాపుల్లో గానీ, ఆన్‌లైన్‌లో గానీ మామూలుగా దొరికేవే.

ముందు స్కిన్ గ్లూ సంగతి, ఎందుకంటే అన్నిటికంటే ప్రమాదం దాంతోనే. "మెడికల్" అని పేరు ఉండేసరికి ఇది ఒంటికి మంచిదే అని చాలామంది అనుకుంటున్నారు. అది సైనోఅక్రిలేట్ అనే రసాయనం. 1942లో అమెరికాలో కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ అనే ఆయన బృందం తుపాకీ గురి అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది తగిలింది. ప్రతిదానికీ అతుక్కుపోతోందని పక్కన పడేశారు, 1958లో అదే జిగురుగా అమ్మకానికి వచ్చింది. మనం చెప్పులకీ ప్లాస్టిక్ బకెట్లకీ వాడే ఫెవిక్విక్ కూడా ఈ కుటుంబమే, దాంట్లో ఉండేది ఇథైల్ రకం. ఆసుపత్రిలో వాడే డెర్మాబాండ్ లాంటి వాటిలో ఆక్టైల్ రకం ఉంటుంది, అమెరికాలో దానికి 1998లో అనుమతి వచ్చింది. ఇథైల్ రకం తొందరగా విరిగిపోతూ ఫార్మాల్డిహైడ్‌ని వదులుతుంది, గట్టిగా పెళుసుగా అవుతుంది. ఆక్టైల్ రకం నెమ్మదిగా విరుగుతుంది, కాస్త వంగుతుంది. అందుకే ఒంటికి ఆ రకాన్ని ఎంచుకున్నారు. అంటే ఆసుపత్రి జిగురులోనూ ఫార్మాల్డిహైడ్ బయటికి రాదని కాదు, తక్కువగా, మెల్లగా వస్తుంది. ఫార్మాల్డిహైడ్ పడనివాళ్లకి వాడొద్దని ఆ పెట్టెలో ఉండే కాగితంలోనే రాసి ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది, ఆ జిగురు ఎందుకు తయారైందో చూడండి. శుభ్రంగా కోసిన గాయం అంచులు రెండూ దగ్గరికి చేర్చి పట్టుకుని, పైన పల్చగా పూస్తారు. లోపల పోయరు. అది 5 నుంచి 10 రోజుల్లో పై తోలుతో పాటు దానంతట అదే రాలిపోతుంది. దానికి "తీయడం" అనే పనే లేదు, ఎవరూ పీకకూడదనే దాన్ని అలా చేశారు. మనం ఆటలో చేసేది దానికి పూర్తిగా ఉల్టా. అరగంట అంటించి, ఆ తర్వాత ఊడదీయాలి. ఊడదీయకూడని వస్తువుని ఊడదీస్తే ఏమవుతుంది, దాంతో పాటు తోలు వస్తుంది. రెండు తోలు ముక్కలు ఒకదానికొకటి అతికి ఉంటే బలహీనమైన వైపు చిరుగుతుంది, సాధారణంగా అది ఏ వైపు అనేది మన చేతిలో ఉండదు.

వేడి సంగతి కూడా చెప్పాలి. ఈ జిగురు తడి తగిలితే గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. పల్చగా పూస్తే చురుక్కుమని ఊరుకుంటుంది. ఒకేచోట ఎక్కువ పోస్తే కాలుతుంది. అన్నిటికంటే ఘోరం, దూదికో నూలు గుడ్డకో తగిలితే. అప్పుడు క్షణాల్లో పొగ వచ్చేంత వేడెక్కుతుంది, ఒంటి మీద గుడ్డ ఉంటే అక్కడే బొబ్బ లేస్తుంది. కారిపోయిందని కంగారులో దూదితో తుడవబోతే అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఎండాకాలం నల్గొండలో 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో చెమటతో తడిసిన ఒంటి మీద ఈ జిగురు అనుకున్న దానికంటే ముందే, అనుకోని చోట పట్టేస్తుంది. డెర్మాబాండ్ పెట్టె మీద 30 డిగ్రీల లోపు నిల్వ చేయమని ఉంటుంది. మే నెలలో కొరియర్ వ్యాన్‌లో, కరెంటు పోయిన ఇంట్లో ఆ 30 ఎక్కడిది.

పెదాలు, చనుమొనలు, కళ్ల దగ్గర, జననాంగాలు, మలద్వారం, ఇక్కడ స్కిన్ గ్లూ గానీ ఫెవిక్విక్ గానీ, ట్యూబు జిగురు ఏదీ వద్దు. ఆ తడి తోలు మీద వాడకూడదని తయారుచేసినవాళ్లే చెప్తున్నారు. శరీరంలో ఏ ద్వారాన్నీ జిగురుతో మూయొద్దు. మూత్రం ఆగిపోతే అది ఆట కాదు, ఎమర్జెన్సీ. నోరు అతికిపోతే వాంతి వచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవి భయపెట్టడానికి రాయడం లేదు, ఇలా చేయాలని ఆలోచించేవాళ్లు ఉన్నారని తెలుసు కాబట్టి రాస్తున్నా.

ఒకవేళ ఇప్పటికే వేళ్లో, తోలో అతికిపోయి ఇది చదువుతుంటే, ముందు లాగడం ఆపండి. గోరువెచ్చని నీళ్లలో సబ్బు వేసి చాలాసేపు నానబెట్టండి. వాజలైనో, కొబ్బరినూనో అంచుల దగ్గర రాసి మెల్లగా దొర్లిస్తున్నట్టు కదిలించండి, విడదీయడానికి పక్కకి లాగొద్దు. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ చేతివేళ్ల మీద వాడొచ్చు, దగ్గర్లో దీపం, అగరొత్తి, స్టవ్వు ఏదీ ఉండకూడదు, పుండు మీద, ముఖం మీద, కింది భాగాల్లో అసిటోన్ వద్దు. రెప్పలు అతికిపోతే బలవంతంగా తెరవకండి, నీళ్లతో కడిగి, తడి గుడ్డ పెట్టుకుని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రాకపోతే ఇంకో రోజో రెండు రోజులో ఆగితే పై పొర రాలుతూ దానంతట అదే విడుతుంది, మామూలు తోలు మీద ఐతే ఆగడమే మంచిది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఈ సైనోఅక్రిలేట్‌కి అలెర్జీ ఒకసారి పుట్టిందంటే మామూలుగా పోదు. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు, రెండోసారీ కాకపోవచ్చు, ఒంట్లో గుర్తు పడిపోయిన తర్వాత ఎప్పుడు తగిలినా రెండు మూడు రోజులకి దురద, దద్దు, నీటి బొబ్బలు. జెల్ నెయిల్స్ పెట్టించుకున్నప్పుడు, దొంగ రెప్పలు అంటించుకున్నప్పుడు దురద వచ్చిన ఆడవాళ్లు ఉంటే ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే రెప్పల జిగురు ఇదే సైనోఅక్రిలేట్, జెల్ నెయిల్స్‌లో ఉండేవి దాని దగ్గరి చుట్టాలు. రేపు నిజంగా ఆపరేషన్ అయి డాక్టర్ కుట్లకు బదులు జిగురు పూస్తే ఆ గాయం మీదే రియాక్షన్ రావొచ్చు. అరగంట సరదా కోసం అంత రిస్కు ఎందుకు అనేదే నా బాధ. స్కిన్ గ్లూకి నా రేటింగ్ ఆసుపత్రిలో ఐదుకి ఐదు, పడకగదిలో సున్నా.

ఇప్పుడు టేపులు. అసలు టేప్ వల్ల వచ్చే దెబ్బ వేసినప్పుడు రాదు, తీసినప్పుడు వస్తుంది. మన చర్మంలో అన్నిటికంటే పై పొర, చచ్చిన కణాలతో అయ్యేది, అరచేతులూ అరికాళ్లూ వదిలేస్తే మిగతా చోట్ల మిల్లీమీటరులో 50వ వంతు అటూ ఇటూగా ఉంటుంది, అంతే. టేప్ పీకిన ప్రతిసారీ అందులో కొంత జిగురుతో పాటు వెళ్లిపోతుంది. చర్మం మీద పరిశోధన చేసేవాళ్లు పొర పొరగా తోలు తీసి చూడటానికి వాడే పద్ధతే టేప్ అంటించి పీకడం, ఒకేచోట మళ్లీ మళ్లీ. కాబట్టి ఆటలో ఒకేచోట టేప్ వేసి, తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీసి అంటే తెలియకుండానే అదే చేస్తున్నట్టు లెక్క. మొదట ఎర్రగా కందుతుంది, తర్వాత మెరుస్తుంది, తర్వాత తడి ఊరుతుంది. తడి కనిపించిందంటే ఆ చోటు ఇక ముట్టుకోకూడదు, మానేదాకా.

మనలాంటి చామనఛాయ ఒంటికి ఇంకో బాధ, కందిన చోటు మానాక నల్ల మచ్చ మిగిలిపోతుంది, నెలల తరబడి ఉంటుంది. ముంజేతుల మీదో, బుగ్గ మీదో టేప్ ఆకారంలో మచ్చ ఉంటే పెళ్లికి వెళ్లినప్పుడు ఎంతమంది అడుగుతారో మీకే తెలుసు.

తెల్ల గుడ్డ ప్లాస్టర్, మనం చిన్నప్పటి నుంచీ చూసిందే, ల్యూకోప్లాస్ట్ రకం. చవక, గట్టిగా పడుతుంది, చేత్తో చింపొచ్చు. ఆ గట్టిగా పట్టడమే ఇక్కడ ఇబ్బంది. పాత తరహా వాటి జిగురులో జింక్ ఆక్సైడ్‌తో పాటు సహజ రబ్బరు, పైన్ చెట్ల బంక ఉంటాయి, ఆ బంకకి అలెర్జీ ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. వెంట్రుకలు ఉన్న ఒంటి మీద ఐతే నరకం. ఆట మధ్యలో అది వేసి "చర్రుమని పీకితే మజా" అనుకునేవాళ్లకి చెప్తున్నా, ఆ చర్రుమనడంలో పోయేది తోలు. చీలమండ బెణికితే కట్టుకోవడానికి మాత్రం బాగుంటుంది, అక్కడే ఉంచండి.

పేపర్ టేప్, అందరూ మైక్రోపోర్ అని అడిగేది. గాలి ఆడుతుంది, సన్నంగా ఉంటుంది, ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఇది అక్రిలేట్ జిగురు. దీని గుణం ఏంటంటే వేసిన వెంటనే పట్టు కాస్త తక్కువ, ఒంటి వేడికి జిగురు మెత్తబడి తోలు మీది సన్న గీతల్లోకి దిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. పావుగంట తర్వాత తేలిగ్గా వచ్చేది రాత్రంతా ఉంచితే తోలుతో పాటు వస్తుంది. కాబట్టి పేపర్ టేప్‌తో ఆడితే తక్కువసేపు ఆడండి, వేసుకుని పడుకోవద్దు. చెమట పడితే అంచులు లేచిపోతాయి, అప్పుడు జనం ఇంకో రెండు వరసలు బిగించి వేస్తారు, అది వద్దు. సాగదీసి వేస్తే తోలు కూడా దాంతో లాగబడి అంచుల దగ్గర నీటి బొబ్బలు లేస్తాయి, వార్డులో ఇది ఎన్నిసార్లు చూశానో. లాగకుండా, ఒంటి మీద ఊరికే పరిచి మధ్య నుంచి అంచులకి నొక్కాలి.

సిలికాన్ టేప్ మెత్తగా, నీలంగా ఉంటుంది, త్రీఎం కంపెనీ కైండ్ రిమూవల్ అనేది నేను వాడింది. ఒక షాపులో అడిగితే అన్న, "అది పసిపిల్లల ఐసీయూ వాళ్లే అడుగుతరక్కా, మా దగ్గర ఉండదు, ఆర్డర్ పెడితే వస్తది" అన్నాడు. ఎందుకని మాత్రం అడగలేదు. ఎవరూ అడగరు, మీరూ చెప్పాల్సిన పని లేదు. పేపర్ టేప్‌తో పోలిస్తే కొన్ని రెట్లు ధర. కానీ గంట ఉంచినా, మూడు గంటలు ఉంచినా పట్టు దాదాపు ఒకేలా ఉంటుంది, వేడికి పెరగదు. తీస్తే వెంట్రుకలు పెద్దగా రావు, తోలు కందదు, అటూ ఇటూ అయితే తీసి సరిచేసి మళ్లీ వేయొచ్చు. నెలలు నిండని పిల్లల తోలుకి, ముసలివాళ్ల కాగితంలాంటి తోలుకి వాడేది అంటే అర్థం చేసుకోండి. లోపం కూడా చెప్పాలి, బాగా చెమట పట్టిన చోట ఊడిపోతుంది, నూనె రాసిన ఒంటికి అంటదు, బలంగా గింజుకుంటే చేతులు విడిపోతాయి. నా లెక్కలో విడిపోవడం లోపం కాదు. ఇష్టపడి ఆడే ఆటలో టేప్ ఒక గుర్తు మాత్రమే, నిజంగా తప్పించుకోలేనంత గట్టిగా ఉండాల్సిన పని లేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తా, అర మార్కు ధర వల్ల తగ్గించా.

ప్యాకింగ్ టేప్, కరెంటు పని టేప్, డక్ట్ టేప్ ఒంటి కోసం చేసినవి కావు. వాటి గురించి ఇంతకంటే రాయను.

అసలు జిగురే లేకుండా చేసుకోవచ్చు కూడా, అది నాకు అన్నిటికంటే ఇష్టం. బాండేజ్ టేప్ అని ఆన్‌లైన్‌లో అమ్మేది మెత్తటి పీవీసీ పట్టీ, దాని మీద దానికే అతుక్కుంటుంది, తోలుకీ వెంట్రుకలకీ అంటదు. అలాగే కోబాన్ లాంటి, దానికదే అంటుకునే బ్యాండేజ్ మెడికల్ షాపులో దొరుకుతుంది. కొన్నింటిలో రబ్బరు లేటెక్స్ ఉంటుంది, బెలూన్లకీ గ్లవ్స్‌కీ దురద వచ్చేవాళ్లు లేటెక్స్ లేనిదని రాసి ఉన్నదే తీసుకోవాలి. ఇవి చుట్టేటప్పుడు సాగదీస్తే తర్వాత బిగుసుకుంటాయి, కాబట్టి వదులుగా చుట్టండి, రెండు వేళ్లు సులువుగా దూరాలి.

చుట్టడం మాట వచ్చింది కాబట్టి, ఏ టేపైనా చెయ్యి చుట్టూ కాలు చుట్టూ తిప్పి వేసినప్పుడు రక్తం ఆడుతోందో లేదో చూస్తూ ఉండాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. గోరింటాకు పెట్టుకున్న గోళ్లమీద, నెయిల్ పాలిష్ మీద ఇది తెలియదు, అప్పుడు వేలి కొసని నొక్కి చూడండి, చల్లగా ఉందేమో పట్టుకుని చూడండి. తిమ్మిరి, మొద్దుబారడం, వేలు లేపలేకపోవడం, వీటిలో ఏది చెప్పినా "ఇంకాసేపు" అనకుండా అప్పుడే విప్పాలి, నరం నొక్కుకుంటే ఆ వేళ్లు వారాల తరబడి పని చేయకపోవచ్చు. మణికట్టు దగ్గర, మోచేతి లోపలి వైపు, మోకాలి బయటి వైపు కింద, ఈ మూడు చోట్ల నరాలు పైపైనే ఉంటాయి. మట్టి గాజులు, ఉంగరాలు, మెట్టెలు ముందే తీసేయండి. మెడ చుట్టూ ఏదీ వద్దు. మొద్దు కొన ఉండే బ్యాండేజ్ కత్తెర అదే గదిలో, అదే మంచం మీద, చెయ్యి అందేంత దూరంలో ఉండాలి. అది కొనకుండా టేప్ కొనొద్దు.

నోటికి టేప్ వేసే ఆట గురించి ఎక్కువమంది ఆలోచిస్తారు, తక్కువమంది జాగ్రత్త పడతారు. జలుబు ఉన్నా, ముక్కు దిబ్బడ ఉన్నా, ఆయాసం ఉన్నా, భోంచేసి గంట కూడా కాకపోయినా వద్దు. టేప్ ముక్కు దగ్గరికి కూడా పోకూడదు. నోట్లో గుడ్డ కుక్కి పైన టేప్ వేయడం అస్సలు వద్దు, ఊపిరాడక చనిపోవడానికి అంతకంటే సులువైన దారి లేదు. తల చుట్టూ తిప్పొద్దు, పెదాల మీద అడ్డంగా ఒక్క చిన్న ముక్క, ఒక కొస మడిచి పట్టుకునేలా ఉంచితే వేసుకున్నవాళ్లే నాలుకతో తోసి తీసేయొచ్చు, అలాగే ఉండాలి. మాట రాదు కాబట్టి "ఆపు" అని చెప్పే మార్గం వేరే ఉండాలి. చేతిలో తాళాల గుత్తో, స్టీలు గ్లాసో పట్టుకుని, వద్దనిపిస్తే వదిలేయడం మా పద్ధతి. ఆ చప్పుడు వినిపించిందంటే ఎందుకు అని అడగడం కూడా లేదు, ముందు తీయడమే. టేప్ వేసిన మనిషిని ఒంటరిగా వదిలి ఫోన్ మాట్లాడటానికి కూడా బయటికి వెళ్లొద్దు. కల్లు గానీ మందు గానీ తాగి ఉన్నప్పుడు ఈ ఆట వద్దు, ఇష్టమో కాదో సరిగ్గా చెప్పలేరు, నొప్పీ సరిగ్గా తెలియదు.

ఎవరి తోలు ఎలాంటిదో కూడా ముందు చూసుకోవాలి. మన ఊళ్లలో దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ తెల్లబడటానికని ముఖానికి రాసే క్రీములు ఉన్నాయి కదా, వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటివి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నియమం ఉన్నా కౌంటర్ మీద అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు. అవి నెలల తరబడి రాసిన ముఖం తోలు పల్చబడి ఉంటుంది, బుగ్గల మీద పేపర్ టేప్ వేసి తీసినా పొర లేచి వస్తుంది. మొటిమలకి ట్రెటినాయిన్, అడాపలీన్ రాసేవాళ్లు, ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకునేవాళ్లు, స్టెరాయిడ్ మాత్రల మీద ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, వీళ్లకి ఏ జిగురు టేపూ వద్దని నా సలహా. షుగర్ ఉన్నవాళ్లకి పుండు తొందరగా మానదు. ఈరోజే షేవింగో వ్యాక్సింగో చేసుకుంటే ఈరోజు వద్దు. చెమటకాయలు ఉన్న చోట వద్దు. చంకలు, రొమ్ముల కింద, తొడల మధ్య, గాలి ఆడని మడతల్లో టేప్ వేస్తే తడికి తోలు తెల్లగా నానిపోతుంది, అక్కడా వద్దు.

కొత్త టేప్ కొనగానే ముంజేతి లోపలి వైపు చిన్న ముక్క వేసి ఒక రోజు ఉంచండి, తీసిన తర్వాత ఇంకో రెండు రోజులు ఆ చోటు చూడండి. అలెర్జీ ఆలస్యంగా బయటపడుతుంది, తీసిన వెంటనే ఏమీ లేదని సంబరపడొద్దు. ఇద్దరూ చేసుకోవాలి, వేసేవాళ్ల వేళ్లకీ జిగురు తగులుతుంది కదా.

ఇక తీయడం. ఒక కొస మెల్లగా లేపి, పైకి కాకుండా వెనక్కి, తోలుకి ఆనుకునేలా మడిచి, వెంట్రుకలు పెరిగే దిక్కుకే లాగాలి. రెండో చేత్తో టేప్ విడిపోతున్న చోట తోలుని నొక్కి పట్టుకోవాలి. టేప్‌ని తోలు మీంచి లాగడం కాదు, తోలుని టేప్ నుంచి కిందికి నొక్కి విడదీయడం, అలా అనుకుంటే చెయ్యి సరిగ్గా పడుతుంది. గట్టిగా ఉంటే అంచు కింద కొబ్బరినూనె వేలితో రాస్తూ ఒక నిమిషం ఆగండి, నూనె జిగురుని వదులు చేస్తుంది. ఇంకా మంచిది అడ్హెసివ్ రిమూవర్, అంటే జిగురుని వదిలించేది. ఆపరేషన్ తర్వాత మలం పోవడానికి పొట్ట మీద పెట్టే సంచి, అదే స్టోమా బ్యాగు, వాడేవాళ్ల కోసం చేసే సిలికాన్ రకం స్ప్రేలు, వైప్స్ వస్తాయి, కాన్వాటెక్ నిల్టాక్, కోలోప్లాస్ట్ బ్రావా లాంటివి. మండవు, నూనె జిడ్డు మిగలదు, ఆరిపోతాయి. ఖరీదే. కానీ టేప్ మీద పెట్టే డబ్బులో సగం దీని మీద పెట్టమని నా మాట. స్పిరిట్ వద్దు, మండుతుంది, తోలు ఎండిపోతుంది.

తీసేసిన తర్వాత గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడవకుండా అద్ది, వాసన లేని మాయిశ్చరైజరో వాజలైనో రాస్తే చాలు. పసుపు, టూత్‌పేస్ట్, కాఫీ పొడి ఏదీ రాయొద్దు. కందిన చోట రెండు మూడు రోజులు ఎండ తగలనివ్వకపోతే మచ్చ తక్కువ పడుతుంది. మన నోటి అలవాటుకి "ఏం కాదులే" అనేస్తాం, కానీ నీటి బొబ్బలు, చీము, పెరిగే ఎరుపు, జ్వరం ఉంటే చర్మ డాక్టర్‌కి చూపించాలి. నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, ఆసుపత్రిలో స్కిన్ ఓపీ ఎప్పుడో అడిగి వెళ్లండి. "టేప్ వేసుకుంటే వచ్చింది, ఫలానా టేప్" అని చెప్తే వైద్యానికి సరిపోతుంది, ఎందుకు వేసుకున్నారో చెప్పాలా వద్దా మీ ఇష్టం. జిగురు వాడి ఉంటే మాత్రం ఏ జిగురో దాచకుండా చెప్పండి, వీలైతే ట్యూబు తీసుకెళ్లండి. ఊపిరి ఇబ్బంది, ముఖం పెదాలు వాచడం ఉంటే ఆలోచించకుండా 108.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. టేపులకీ ఎక్స్‌పైరీ ఉంటుంది, ఎండలో షోకేస్‌లో ఉన్న రోల్ జిగురు అంచుల నుంచి కారి ఉంటే తీసుకోవద్దు, అది ఒంటి మీద జిగురు వదిలేస్తుంది. లేబుల్ మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్ లేని లోకల్ రోల్ ఒకటి ఈమధ్య షాపుల్లో ఎక్కువ కనిపిస్తోంది, పేపర్ టేప్ అనే అమ్ముతున్నారు, దాని జిగురు ఏంటో ఎవరికీ తెలియదు, వదిలేయండి. సిలికాన్ రోల్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఎండలు తగ్గాక, జూన్‌లో వానలు పడ్డాక ఆర్డర్ పెట్టండి, ఒక అంగుళం వెడల్పుది సరిపోతుంది, తెరిచాక కవర్‌లో పెట్టి బీరువాలో ఉంచితే జిగురుకి దుమ్ము అంటదు.